అమెరికా బడుల్లో చట్టం అందరికీ ఒకటే కదా, జాతిని బట్టి పిల్లల అనుభవం ఎందుకు మారుతుంది?

తెల్ల, నల్ల పిల్లలకు వేర్వేరు ప్రభుత్వ బడులు రాజ్యాంగవిరుద్ధమని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ నల్లజాతివారికి ఇళ్ల రుణాలు నిరాకరించిన కాలంలో ఏర్పడిన పేటలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది కాబట్టి ఆ పాత విభజన నేటి తరగతి గదిదాకా వస్తోంది.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది క్రమశిక్షణ. 2013–14లో ప్రభుత్వ బడుల విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు సుమారు 15.5 శాతం, సస్పెండైనవారిలో మాత్రం దాదాపు 39 శాతం. పేదరికమే కారణమని సరిపెట్టుకోలేం. బడిలో పేద పిల్లలు ఎక్కువున్నా తక్కువున్నా ఈ తేడా ఉందని ఫెడరల్ ప్రభుత్వ పరిశీలన 2018లో చెప్పింది. తప్పును తేల్చే తీరులోనూ చిక్కుంది: దొంగతనానికి రుజువు కావాలి. ‘పొగరుగా మాట్లాడాడు’ అనడానికి టీచరు అభిప్రాయం చాలు. ఆ టీచర్లలో సుమారు 80 శాతం తెల్లవారు, పిల్లల్లో తెల్లవారు సగం కూడా లేరు. ఇంటికి పంపిన ప్రతి రోజూ పాఠం పోతుంది, వెనకబాటు పెరుగుతుంది.

మన తెలుగు పిల్లల మీద పడే ముద్ర వేరు: ఆసియావాళ్లు లెక్కల్లో దిట్టలని. వినడానికి పొగడ్తే, కానీ లెక్కలు రాని పిల్లవాడు సాయం అడగడానికి సిగ్గుపడతాడు, టీచరూ గమనించరు. పైగా ‘ఆసియా’ అనే ఒకే గడిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కూతురు, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబపు పిల్లవాడు ఇద్దరూ చేరిపోతారు. సగటు మార్కులు బాగుంటే ఆ రెండో బిడ్డ ఇబ్బంది గణాంకాల్లో కనిపించదు.