నానికి పెద్దమ్మ ఉత్తరం: బంగాళాదుంప కరకరలాడాలంటే

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి నానికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఎయిర్ ఫ్రయర్ బుట్ట అంచుల దాకా బంగాళాదుంప ముక్కలు. పైవి నల్లగా మాడాయి, కిందివి ఆవిరికి ఉడికినట్టు తెల్లగా ఉన్నాయి. కింద నీ వ్యాఖ్య: "డబ్బు దండగ పెద్దమ్మా" అని. డబ్బేమీ దండగ కాలేదు. దాన్ని నువ్వు మూకుడు అనుకుంటున్నావు, గొడవంతా అక్కడే ఉంది. ఫోనులో చెబితే సగం విని "సరే సరే" అంటావు కాబట్టి రాస్తున్నాను. దీన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించుకో. కోడలు కూడా చదువుతుంది, అప్పుడైనా పని జరుగుతుంది.

పేరులో ఏముందో పక్కన పెట్టు, ఆ మిషను దేన్నీ వేయించదు. పైన ఎర్రగా కాలే తీగచుట్ట ఉంటుంది, దాని మీద ఒక ఫ్యాను ఉంటుంది. ఆ ఫ్యాను వేడిగాలిని బుట్ట చుట్టూ జోరుగా తిప్పుతుంది. 2010లో ఫిలిప్స్ వాళ్లు ఎయిర్ ఫ్రయర్ అని పేరు పెట్టి అమ్మబట్టి అందరికీ వేపుడు గుర్తొస్తోంది గాని, అది గట్టి ఫ్యాను ఉన్న చిన్న ఓవెన్. మరుగుతున్న నూనెలో పడిన ముక్కకు అన్ని వైపుల నుంచీ ఒకేసారి వేడి అందుతుంది, పైతడి క్షణాల్లో బుడగలై పోతుంది. గాలికి అంత సత్తా లేదు. పచ్చి బంగాళాదుంపలో దాదాపు ఎనభై శాతం నీళ్లే. పైపొరలో నీరు ఉన్నంతసేపూ అక్కడ వేడి నూరు డిగ్రీలు దాటదు, అది దాటితే గాని రంగు రాదు, పెళుసు రాదు. అందుకని దుంప కొనే చోటు నుంచి పళ్లెంలో పెట్టేదాకా నువ్వు చూసుకోవలసింది తడి ఒక్కటే. అది ఎలా పోతుందో చూసుకుంటే మిగతాది మిషను చూసుకుంటుంది.

కొనడం దగ్గర మొదలుపెడతాను. నువ్వు కూరగాయలు ఫోనులో తెప్పించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. బంగాళాదుంపల వరకు మాత్రం చేత్తో పట్టుకుని చూసి కొను. విజయవాడలో పటమట రైతు బజారు నీకు దగ్గరే. ఎక్కువ కావాలంటే వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ ఉంది. మనకు వచ్చే దుంపలో పెద్ద భాగం ఉత్తరాది నుంచి, ముఖ్యంగా ఆగ్రా వైపు నుంచి లారీల మీద వస్తుంది. అక్కడ జనవరి నుంచి మార్చి లోపు తవ్వి, శీతల గిడ్డంగుల్లో దాచి, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా బయటికి వదులుతారు. రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో నెలల తరబడి ఉన్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. కూరలో అయితే కాస్త తియ్యగా ఉందే అనుకుని ఊరుకుంటాం. రెండు వందల డిగ్రీల గాలి తగిలినప్పుడు మాత్రం ఆ చక్కెర లోపల ఉడికేలోపే నల్లబడిపోతుంది. నీ ఫోటోలో పైముక్కలు మాడింది చాలావరకు అందుకే అయి ఉంటుంది. వానాకాలంలో కొన్న దుంపనైతే వారం పది రోజులు చీకటిగా, గాలి ఆడే చోట బయటే ఉంచు. చక్కెర కొంత తగ్గుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు. గిడ్డంగి చేసిన పనినే అదీ చేస్తుంది. మంచం కింద వెదురు బుట్టలో పోసుకుంటే చాలు. మన ఎండలకు మొలకలు త్వరగా వస్తాయి కాబట్టి ఒకేసారి బస్తా కొనకు. పచ్చరంగు తిరిగిన దుంప వస్తే బేరమాడకుండా పక్కన పడేయి. అది చేదుగా ఉంటుంది, ఒంటికీ మంచిది కాదు.

సంక్రాంతి ముందు వచ్చే కొత్త దుంప చూడటానికి ముచ్చటగా ఉంటుంది. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడివస్తుంది. కూరకు దాన్ని మించింది లేదు, నీ మిషనుకు మాత్రం అది పనికిరాదు. నీరు ఎక్కువ. తొక్క ముదిరి, గరుకుగా, పట్టుకుంటే బరువుగా ఉన్నవి ఏరుకో. మాఘ ఫాల్గుణాల్లో, గిడ్డంగి ముఖం చూడని దుంప దొరికినప్పుడు చేసిచూడు, నీకే తేడా తెలుస్తుంది. రకాల సంగతి కూడా కొంచెం తెలుసుకో. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్లు చిప్స్ కోసమే కుఫ్రి చిప్సోనా అనే రకాలు తయారుచేసి 1998లో విడుదల చేశారు. వాటిలో నీరు తక్కువ, పిండి ఎక్కువ. అదే సంస్థ ఇచ్చిన పుఖ్‌రాజ్ లోపల పసుపుగా ఉంటుంది, నీటి పాలు ఎక్కువ. కొట్టువాళ్లకు ఈ పేర్లు చెబితే నీ ముఖం చూస్తారు. "చిప్స్ వేసేవాళ్లు పట్టుకెళ్లే దుంప ఉందా" అని అడుగు, ఉంటే తీసి ఇస్తారు.

అయినా అనుమానంగా ఉంటే ఇంట్లో ఒక పరీక్ష ఉంది. ఐదున్నర కప్పుల నీళ్లలో అరకప్పు ఉప్పు పూర్తిగా కరిగించి దుంపను అందులో వదులు. అడుక్కి పోయిందంటే పిండి ఉన్న దుంప, నీ పనికి వస్తుంది. తేలిందంటే కూరకో కుర్మాకో పంపించు. ఆ ఉప్పునీళ్లు పారబోయకు, ముక్కలు ఉడకబెట్టేటప్పుడు ఒక గరిటెడు పోసుకోవచ్చు.

ఇక ముక్కల సంగతి. చెక్కు తీసినా తీయకపోయినా నీ ఇష్టం, నేనైతే తీయను. అంగుళం పైన ఉండేలా కోయి. చిన్నవైతే లోపల మెత్తదనం మిగలదు, అంతా బెరడే అవుతుంది. చాలామంది పచ్చి ముక్కలనే నూనె రాసి బుట్టలో పోస్తారు. అలా చేస్తే పైన తోలులా తయారవుతుంది. ముందు ఉడకబెట్టాలి. కుక్కరులో ఒక విజిల్ అంటావేమో, వద్దు, అంచులు చెదిరి లోపల నీరు పట్టేస్తుంది. గిన్నెలో లీటరు చన్నీళ్లు, ఉప్పు, పావు టీస్పూను వంట సోడా వేసి ముక్కలు అందులో పెట్టి పొయ్యి వెలిగించు. తెర్లడం మొదలయ్యాక ఆరేడు నిమిషాలు చాలు. చాకు మొన గుచ్చితే అంచులో మెత్తగా దిగి నడుమ కాస్త ఆగాలి. సోడా ఎందుకంటే, అది ముక్క పైపొరను త్వరగా కరిగించి నలిగిపోయేలా చేస్తుంది. మోతాదు పెంచావంటే సబ్బు వాసన వస్తుంది, జాగ్రత్త.

నీళ్లు వార్చేసిన తరువాత తొందరపడకు. చాలామంది చేజార్చుకునేది ఈ ఐదు నిమిషాలనే. వార్చిన గిన్నెను మళ్లీ సన్నసెగ మీద అరనిమిషం ఉంచి కుదుపు. ఆ తరువాత ముక్కలను వెడల్పాటి పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి ఫ్యాను కింద పెట్టు. మొదట ఆవిరి తెల్లగా లేస్తుంది. అది ఆగాక ముక్కను వేలితో ముట్టుకుంటే పైన సున్నం పూసిన గోడలా పొడిగా, తెల్లటి పిండి అంటాలి. జిగటగా ఉంటే ఇంకా ఆరనివ్వు. ఆరాక గిన్నెలోకి తీసుకుని అరకిలోకి ఒక టేబుల్ స్పూను వేరుశనగ నూనె వేసి, మూత పెట్టి గట్టిగా నాలుగుసార్లు ఎగరవేయి. అంచులు నలిగి, నూనెతో కలిసి ముక్క చుట్టూ ముద్దలాంటి పూత కడుతుంది. అందంగా కోసిన ముక్కలు చెడిపోయాయని బెంగపడకు, రేపు పళ్ల కింద కరకరమనేది ఆ నలిగిన భాగమే. ఒక టీస్పూను బియ్యప్పిండి కూడా చల్లుతాను నేను. కార్న్‌ఫ్లోర్ కన్నా నాకు అదే నచ్చుతుంది.

సన్నగా పొడవుగా కోసే ఫ్రెంచ్ ఫ్రైలకు ఇదేదీ వర్తించదు. వాటికి పైపిండి ఉంటే ఒకదానికొకటి అంటుకుంటాయి. అరగంట చన్నీళ్లలో నానబెట్టి, కడిగి, పొడిబట్టతో తుడిచి వేయాలి.

మిషనును మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా వేడి చేశాక రెండు వందల డిగ్రీల దగ్గర పెట్టి ముక్కలు ఒకే వరుసలో పరుచు. మీ ఇద్దరికి అరకిలో రెండు వాయిలు పడుతుంది, పడనీ. గాలి దూరడానికి సందు లేకపోతే ఒక ముక్క ఆవిరి పక్క ముక్కను తడుపుతుంది. నీ ఫోటోలో కింది ముక్కలు తెల్లగా ఉండిపోయింది అందుకే. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, మధ్యలో రెండుసార్లు బుట్టను ఊపు. ఊపినప్పుడు చెవి పెట్టి విను. మొదటిసారి మెత్తటి బరువైన చప్పుడు వస్తుంది. పైతడి పోయాక గలగలమని ఎండుకాయల్లా మోగుతాయి. ఆ మోత విన్నాక ఇంకో నాలుగైదు నిమిషాలు, బంగారు రంగు రాగానే ఆపేయి. మరీ ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకు. పిండి పదార్థాలు నూట ఇరవై డిగ్రీలు దాటి కాలినప్పుడు అక్రిలమైడ్ అనే, ఒంటికి మంచిది కాదనే పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ముదిరేకొద్దీ అది ఎక్కువవుతుంది. చక్కెర ఉన్న గిడ్డంగి దుంపలో ఇంకా ఎక్కువ.

కోడలికి నిండు దుంప ఇష్టమని విన్నాను. అది ఇంకా తేలిక, కాకపోతే ఓపిక కావాలి. ఒక్కొక్కటి రెండు వందల గ్రాములుండే దుంపలు ఒకే సైజువి కడిగి, బాగా తుడిచి, ఫోర్కుతో చుట్టూ ఏడెనిమిది చోట్ల గుచ్చు, లోపలి ఆవిరికి దారి ఉండాలి. తొక్కకు ఉప్పునీళ్లు రాసి బుట్టలో పెట్టు. రెండు వందల డిగ్రీల మీద నలభై నిమిషాలు, ఇరవై దగ్గర ఒకసారి తిప్పు. నూనె మొదటే రాయకు, చివరి పది నిమిషాలు ఉందనగా రాయి, అప్పుడు తొక్క పెళుసుగా వస్తుంది. అల్యూమినియం రేకు చుట్టమని ఎవరైనా చెబితే వినకు. చుడితే అది ఉడికిన దుంపే, కాల్చిన దుంప కాదు. బయటికి తీసిన మరుక్షణం పైన అడ్డంగా నిలువుగా గాటు పెట్టి, నాలుగు మూలలా నొక్కు. లోపలి ఆవిరి భుస్సుమని పోవాలి. అది లోపలే ఉండిపోతే కండ జిగటగా, తొక్క మెత్తగా అయిపోతుంది. పైన ఏం వేస్తావన్నది నీ ఇష్టం. వెన్న ముద్ద, దాని మీద అరచెంచా గోంగూర పచ్చడి వేసి చూడమని నా మాట. చీజ్ తురమడం కన్నా వెయ్యి రెట్లు మేలు. వడకట్టిన పెరుగులో జీలకర్ర, పచ్చిమిర్చి నూరి కలిపినా బాగుంటుంది.

కారం విషయం వేరుగా చెప్పాలి, మనం గుంటూరు వాళ్లం కాబట్టి. ముందే కారం కలిపి బుట్టలో పెట్టావంటే ఇరవై నిమిషాల్లో అది మాడి చేదెక్కుతుంది, పైగా ఫ్యాను ఆ ఘాటును మీ ఫ్లాటంతా తిప్పుతుంది. పక్కింటివాళ్లు కూడా దగ్గుతారు. వెల్లుల్లి కూడా అంతే. ముక్కలు దించాక, ఇంకా పొగలు కక్కుతుండగానే దంచిన వెల్లుల్లి కారం చల్లి కుదుపు, ఆ వేడికే వాసన వస్తుంది. కరివేపాకు పొడిగా వేస్తే గాలికి ఎగిరి పైనున్న తీగచుట్టకు అంటుకుని కాలుతుంది. నూనె పట్టించి ముక్కల కిందికి తోసి, చివరి రెండు నిమిషాలే ఉంచు. పసుపు మాత్రం ఉడకబెట్టే నీళ్లలోనే వేసుకోవచ్చు.

తయారైనవాటిని హాట్‌బాక్సులో పెట్టి మూత బిగించే అలవాటు మన ఇళ్లలో ఉంది, మీ అమ్మకు మరీ. ఇంత కష్టపడి తరిమిన తడిని మళ్లీ పిలిచి కూర్చోబెట్టడమే అది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, గాలిలోనే చెమ్మ ఉంటుంది. చిల్లుల పళ్లెంలోకి తీసి పదిహేను నిమిషాల లోపే తినండి. మిగిలితే మర్నాడు నూట ఎనభై మీద నాలుగు నిమిషాలు పెడితే చాలావరకు తిరిగివస్తాయి. మైక్రోవేవ్‌లో పెడితే రావు.

పెళ్లి భోజనంలో వేసే బంగాళాదుంప వేపుడు కావాలంటే మాత్రం ఈ మిషను జోలికి పోకు. దానికి మూకుడే కావాలి, నూనె కూడా దండిగానే కావాలి. తక్కువ నూనెతో అదే రుచి వస్తుందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. ఇది వేరే వంటకం, వేరే రుచి.

ఇంకో మాట, మీ పెదనాన్న రాయమన్నారు. నీ మిషను పదిహేను వందల వాట్లదైతే ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోను చార్జింగ్ పెట్టే చిన్న సాకెట్టు ఆరు ఆంపియర్లకే. ఎక్స్‌టెన్షన్ బాక్సులో అసలు పెట్టకు. ఫ్రిజ్‌కో గీజరుకో వేసిన పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్టు వాడు. వెనక నుంచి వేడిగాలి బయటికి వస్తుంది, గోడకు జానెడు ఎడం ఉంచు. బిల్లు గురించి భయం వద్దు, అరగంట నడిపితే ముప్పావు యూనిట్ లోపే. బుట్టను ఇనుప పీచుతో తోమకు, పైపూత లేచిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తటి స్పాంజితో తుడువు. తీగచుట్ట మీద నూనె పేరుకుంటే పొగ వస్తుంది, ప్లగ్గు తీసి చల్లారాక తడిబట్టతో తుడవాలి.

ఆదివారం పెదనాన్న పని మీద విజయవాడ వస్తున్నారు. ఈ ఏడు యార్డు నుంచి తెచ్చిన మిరపకాయలతో కొట్టించిన కారం, గోంగూర పచ్చడి సీసా పంపుతున్నాను. కారం బాగా ఘాటుగా ఉంది, మొదటిసారి అరచెంచాతో సరిపెట్టు. సీసా ఖాళీ అయ్యాక కడిగి తిరిగి పంపించు, పోయినసారి పంపినవే ఇంకా రాలేదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ