1934 నాటి ఫ్రెంచి ప్రేమకథా చిత్రం 'లాతలాంత్' ఇప్పటికీ ఎందుకంత నచ్చుతుంది?

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది: పల్లెటూరి పిల్ల జూలియెట్, సరుకుల పడవ నడిపే జాఁను పెళ్లాడి పడవలోకే కాపురానికి వస్తుంది. పారిస్ మోజు, అలకలు, ఎడబాటు, మళ్లీ కలయిక.

బలమంతా దర్శకుడు జాఁ విగో చూపిన తీరులో ఉంది. నీళ్లలో కళ్లు తెరిస్తే ప్రేమించినవాళ్ల ముఖం కనబడుతుందని జూలియెట్ మొదట్లో అంటుంది. జాఁ వేళాకోళం చేస్తాడు. ఆమె దూరమయ్యాక తనే నీళ్లలోకి దూకుతాడు; పెళ్లిబట్టల్లో ఆమె తేలుతూ కనిపిస్తుంది. తర్వాత వేర్వేరు చోట్ల నిద్రపట్టక దొర్లే ఇద్దరి షాట్లనూ విగో మార్చిమార్చి అతికాడు. ఒకే పక్క మీద ఉన్నారనిపిస్తుంది. మాటల్లేవు, మోరిస్ జోబెర్ సంగీతం తప్ప.

మిషెల్ సిమోన్ వేసిన ముసలి సరంగు జూల్, అతని పిల్లులూ లేకపోతే ఇదంతా తీపెక్కువయ్యేదే.

చూసే ముందు నిడివి గమనించండి. విడుదలప్పుడు పంపిణీదారులు సుమారు 65 నిమిషాలకు కోసి, అప్పటి హిట్ పాట ఒకటి జొప్పించి, సినిమా పేరే మార్చేశారు. విగో ఆ అక్టోబరులోనే క్షయతో 29 ఏళ్లకే పోయాడు. 1990లో పునరుద్ధరించిన, దాదాపు 89 నిమిషాల ప్రతి దొరికితే అదే చూడండి.