రక్తానికి ఆ 'ధర్మం' ఎక్కడిది?

సందేహం: పెట్ స్కాన్ (రేడియోధార్మిక మందును ఒంట్లోకి ఎక్కించి తీసే స్కాన్) గురించి రాస్తూ ఒక నాన్ ఇన్వేసివ్ (కొలవడానికి ఒంట్లోకి ఏదీ దూర్చని) పద్ధతిని 'ఆక్రమణరహిత రక్త రేడియోధార్మికతా మాపనం' అన్నాను. సరైనదేనా? 'సూది గుచ్చకుండా' అంటే చాలదా?

సమాధానం: ఆక్రమణ అనగానే మనకు భూములో దేశాలో గుర్తొస్తాయి గానీ మణికట్టు దగ్గర ధమనిలోకి దూర్చే సన్నని గొట్టం ఎవరికీ తట్టదు. 'మాపనం' తప్పు కాదు, కానీ 'కొలవడం' అనే చక్కని మాట ఉండగా దాని వెంట పడటం ఎందుకండీ?

నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది మధ్యలో ఉన్న 'ధార్మికత'. ధృ ధాతువుకు పట్టి నిలపడం అని అర్థం. ఒక వస్తువును ఆ వస్తువుగా నిలిపేది ధర్మం, కాల్చడం నిప్పు ధర్మం అంటామే, అది. ధార్మికుడు వేరు, పాణిని 'ధర్మం చరతి' అన్నాడు, అంటే ధర్మాన్ని ఆచరించేవాడు. ధర్మం కలిగినది ధర్మి, ఆ భావం ధర్మిత. హిందీవాళ్ల 'రేడియోధర్మితా' అందుకే నిలుస్తుంది, మన మాట పరమాణువుకు సదాచారం అంటగడుతుంది. పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది కాబట్టి పీకేయమనను, కొత్తగా రాసేవారైనా 'ధర్మిత' అంటే సంతోషిస్తాను.

'ధర్మం' మాత్రం ఇక్కడ గొప్పగా అతికింది. ఈ స్కాన్ల మందుల్లో ఎక్కువగా వాడే ఫ్లోరిన్-18 అనే రేడియోధర్మి పదార్థం సుమారు 110 నిమిషాలకు సగమవుతుంది, సీసాలో ఉన్నా ఒంట్లో ఉన్నా, వేడిచేసినా చల్లార్చినా ఆ లెక్క మారదు. అదీ ధర్మమంటే! అయితే అది ఫ్లోరిన్‌ది, రక్తానిది కాదు. రక్తం మోసుకెళ్తుందంతే, కణజాలాలు ఆ మందును లాక్కునేకొద్దీ రక్తంలో అది ఇంకా త్వరగా తగ్గిపోతుంది, అందుకే మళ్లీమళ్లీ కొలవాల్సి వస్తుంది. 'రక్త రేడియోధార్మికత' అని సమాసం చేసేస్తే ఈ తేడా కనపడకుండా పోతుంది. 'రక్తంలోని' అనండి, ఎవరి గుణం ఎవరిదో తెలుస్తుంది.

'సూది గుచ్చకుండా' వినడానికి హాయిగా ఉంది గానీ నిజం కాదు, మందును సిరలోకి ఎక్కించేది సూదితోనే కదా! ఇక్కడ తప్పించేది ధమని నుంచి పదేపదే రక్తం తీయడాన్ని. దానికి బదులు స్కాన్ బొమ్మలోనే బృహద్ధమనినో గుండె ఎడమ జఠరికనో చూసి లెక్కగడతారు, లేదా మణికట్టు దగ్గర డిటెక్టర్ పెట్టి బయటికొచ్చే కిరణాలను పట్టుకుంటారు.

నేనైతే 'ధమని నుంచి రక్తం తీయకుండా రక్తంలోని రేడియోధర్మితను కొలవడం' అని రాస్తాను. పొడవే, ఒప్పుకుంటాను. శీర్షికలో పట్టకపోతే 'నాన్ ఇన్వేసివ్' అనే ఉంచేయండి, తప్పనను. ఆక్రమణ మాత్రం వద్దు.