48 వాయిదాలు, 8 సెమిస్టర్లు, మధ్యలో ఒక క్రూయిజర్

ప్రశ్న: సార్, మాది మహబూబ్‌నగర్. వయసు 46. పోలేపల్లిలో ఫార్మా కంపెనీలో చేస్తున్నాను. చేతికి 82 వేలు వస్తుంది. ఇంటి లోన్ వాయిదా 24 వేలు, సిప్ 8 వేలు, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 38 వేలు. ఎఫ్‌డీ 4 లక్షలుంది. ఏటా ఏప్రిల్‌లో 90 వేల దాకా బోనస్ వస్తుంది. ఇన్సూరెన్స్ అంటే కంపెనీ ఇచ్చిందే. పాప ఇంటర్ సెకండియర్, బాబు ఎనిమిదో తరగతి. ఒకప్పుడు సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 100 నడిపేవాణ్ణి. పాప కడుపులో ఉన్నప్పుడు అమ్మేశాను, 18 ఏళ్లయింది. ఆ తర్వాత అంతా కారే. ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియార్ 650 తీసుకుని ఆదివారాలు సోమశిల, శ్రీశైలం తిరగాలని ఉంది. ఆన్‌రోడ్ 5 లక్షల 10 వేలు చెప్పారు. లక్షా 10 వేలు ఎఫ్‌డీలోంచి తీసి కడతాను. మిగతా 4 లక్షలకు 9 శాతం వడ్డీ, 48 నెలలు, నెలకు 11,333 అంటున్నారు. మా ఆవిడ ‘ఈ వయసులో ఎందుకు’ అంటోంది. తీసుకోవచ్చా?

సమాధానం: ముందు ఆ 11,333 సంగతి చూద్దాం. నిజంగా 9 శాతమే అయితే 4 లక్షలకు 48 నెలల వాయిదా 9,954 దగ్గర ఆగాలి. మీకు చెప్పింది దానికంటే 1,379 ఎక్కువ. ఎక్కడినుంచి వచ్చిందా అని కాగితం మీద వేసి చూశాను. 4 లక్షలకు ఏడాదికి 36 వేలు, నాలుగేళ్లకు లక్షా 44 వేలు. దాన్ని అసలుకు కలిపి 48తో భాగిస్తే సరిగ్గా 11,333. అంటే ఇది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు కట్టుకుంటూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న 4 లక్షల మీదే చివరిదాకా పడుతూ ఉంటుంది. 48వ నెలలో మీరు బాకీ ఉండేది 8,333. ఆ నెల కూడా వాళ్లు తీసుకునే వడ్డీ 3 వేలు! తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఇది ఏడాదికి 16 శాతం. మన దగ్గర మిత్తి లెక్కలో చెప్పాలంటే, నూటికి నెలకు బారాణా (75 పైసలు) అని చెప్పి రూపాయి ముప్పై మూడు పైసలు తీసుకుంటున్నారు. ఇదేం మోసం కాదు, కాగితంలో ఎక్కడో రాసే ఉంటుంది. ఎవరి దగ్గర లోన్ అడిగినా ‘ఫ్లాటా, రెడ్యూసింగా (తగ్గే బాకీ మీదే వడ్డీనా)’ అన్న ప్రశ్న ముందు వేయండి. ఆ మాట వినగానే అవతలివాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు.

రెండోది మీ ఇంటి లెక్క. మీకు నెలకు మిగిలేది 12 వేలు. వాయిదా పోతే 700 కూడా ఉండదు. పాప ఇంటర్ అయ్యాక ఎప్‌సెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరిందనుకోండి, బండి 48 వాయిదాలూ ఆమె 8 సెమిస్టర్లూ పక్కపక్కనే నడుస్తాయి. సీటు ఏ కోటాలో వస్తుందో, హాస్టల్ ఎంతవుతుందో ఇప్పుడెవరూ చెప్పలేరు. అందుకే ఆ ఎఫ్‌డీ మీద చెయ్యి వేయొద్దంటాను.

అట్లాగని బండి వద్దనడం లేదు. నేనూ ఇట్లాగే వయసు మీరాక మళ్లీ బండెక్కినవాణ్ణే. కొన్న మూడో వారం, నార్కట్‌పల్లి దాటాక టీ కొట్టు దగ్గర ఆపుతూ కంకర మీద కాలు ఆనించాను. కాలు జారింది. బండి బర్రె పండుకున్నట్టు నెమ్మదిగా పక్కకు ఒరిగింది. ఆపబోయాను, నా వల్ల కాలేదు. ఇద్దరు లారీ క్లీనర్లు వచ్చి లేపారు. క్లచ్ లివర్, ఒక అద్దం, ఒక ఇండికేటర్ పోయాయి. బిల్లు 3,800. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని జేబులోంచే కట్టాను. స్పీడు సున్నా ఉన్నప్పుడు అంత ఖర్చు!

మీ ఆర్‌ఎక్స్ 100 సుమారు 100 కిలోలు. సూపర్ మీటియార్ 241 కిలోలు. తేడా ఎంతంటే రెండు సిమెంటు బస్తాలు, వాటిపైన దాదాపు ఒక యూరియా బస్తా. షోరూంలో కూర్చుంటే ఇది తెలియదు. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లే కాబట్టి రెండు కాళ్లూ హాయిగా నేలకు ఆనతాయి, బండి తేలిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. తెలిసేది ఇంటి గేటు ముందు ర్యాంపు మీద. పొద్దున్నే ఇంజిన్ ఆఫ్‌లో ఉన్న బండిని వెనక్కి దించి, వీధిలో తిప్పుకోవాలి చూడండి, అక్కడ. సూపర్ మీటియార్ లాంటి క్రూయిజర్‌కి ఇంకో గుణం ఉంది. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్ మీద లేచి నిలబడటం కష్టం, దెబ్బ నేరుగా నడుముకే. కూర్చుని చేసే ఉద్యోగమైతే దీన్ని కొట్టిపారేయకండి.

అందుకని మొదటి ఏడాదిని నేర్చుకునే ఏడాది అనుకుని, ఆ నేర్చుకోవడం ఎంత చవగ్గా అయితే అంత మంచిది అనుకోండి. పాత 350 తీసుకోండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 350 వచ్చింది 2020 నవంబర్‌లో కాబట్టి నాలుగైదేళ్లవి దొరుకుతాయి. 191 కిలోలు, 765 మిల్లీమీటర్ల సీటు. ఒక్కరే తిరిగేటట్టయితే బజాజ్ అవెంజర్ 220 ఇంకా తేలిక, 163 కిలోలే, ధర కూడా తక్కువ. మేడం కూడా వెనక కూర్చుంటారంటే నా ఓటు మీటియార్‌కి. ఏడాది నడిపి అమ్మితే ఓ 20, 25 వేలు పోతాయేమో. అదే మీ ట్యూషన్ ఫీజు. కొత్త 650ని ఏడాదికే అమ్మాల్సి వస్తే కట్టిన లైఫ్ ట్యాక్సే తిరిగి రాదు.

350 గీత డబ్బుపరంగా కూడా పెద్ద గీతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆపైన బండ్లకు 40 శాతానికి ఎక్కింది. మీటియార్ ఇంజిన్ 349 సీసీ, గీతకు ఇవతలే. కొత్తవాటి ధర తగ్గింది కాబట్టి పాతదానికి పాత రేటు అడిగితే ఒప్పుకోకండి. కొత్త బండికి తప్పనిసరి అయిదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 150 సీసీ దాటి 350 వరకు 7,365, ఆపైన 15,117. సరిగ్గా ఆ సెప్టెంబర్ 22నే వ్యక్తిగత టర్మ్ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే పాలసీ), హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ సున్నా అయింది. పెద్ద బండి మీద పన్ను పెంచి, టర్మ్ పాలసీ మీద తీసేశారు. మీ ఆవిడ తరఫున ఎవరో ఢిల్లీ వెళ్లి మాట్లాడినట్టుంది!

ఆ టర్మ్ పాలసీ మీకు బండి కంటే ముందు రావాలి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. కోటికి సొంత పాలసీ తీసుకోండి. మీ వయసుకి నెలకు రెండు, మూడు వేలు పడొచ్చు. మోటార్‌సైకిల్ నడుపుతారా అని ఫారంలో అడిగితే దాచకండి. ఇల్లు, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి బండెక్కుతానంటే ఇంట్లో వచ్చే టెన్షన్‌కి మాటలతో జవాబు చెప్పలేం, ఆ పాలసీ కాగితం కొంత చెబుతుంది.

టర్మ్‌కి పోగా 9 వేలు మిగులుతాయి. ఏప్రిల్ బోనస్ 90 వేలు అట్లాగే పెట్టండి. మే నుంచి అక్టోబర్ దాకా నెలకు 9 వేలు ఆర్‌డీలో వేస్తే 54 వేలు. దసరాకు చేతిలో లక్షా 44 వేలు, అప్పు లేకుండా. బండికి లక్షా 20, 25 వేలు, మిగతాది ఐఎస్‌ఐ మార్కు ఫుల్ ఫేస్ హెల్మెట్లు రెండు, గ్లోవ్స్, మడమ దాటే బూట్లకి. పెద్ద సైలెన్సర్, తోలు సంచులు అని మొదలుపెడితే చారాణా కోడికి బారాణా మసాలా అవుతుంది, వాటి జోలికి పోకండి. ఈ ఆరు నెలల్లో ఏ నెలైనా 9 వేలు పెట్టలేకపోతే, 11,333 వాయిదా మోయగలరా లేదా అన్నది మీకే తెలిసిపోతుంది.

పాత బండి కొనేటప్పుడు ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉందేమో చూడండి. ఉంటే లోన్ తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. బండి పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకాలు, పెండింగ్ చలాన్లు ఆ రోజే చూసుకోండి. 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చుకోవాలి. ఆయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీ కారు పాలసీతో ఇప్పటికే ఉంటే బండికి మళ్లీ అక్కర్లేదు. ఏజెంటు అడక్కుండానే వేస్తాడు, తీయించండి.

శ్రీశైలం మాత్రం కొన్నాళ్లాగండి. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది. సాయంత్రం ఆ గేటు అందుకోవాలన్న తొందరలో ఘాట్‌లో నడపడం 18 ఏళ్ల తర్వాత మొదటి నెలలో చేసే పని కాదు. ముందు మీకు దగ్గర్లోని కోయిల్‌సాగర్ దాకా వెళ్లి రండి.

ఇక ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. మీ లైసెన్స్ కార్డు తీసి రెండు వైపులా చూడండి. ఇరవై ఏళ్ల వయసులో తీసినదైతే గడువు అయిపోయి ఉంటుంది. గేర్ బండి క్లాస్, అంటే ఎంసీడబ్ల్యూజీ, అందులో ఉందా, కారు ఒక్కటే ఉందా? గడువు దాటి ఏడాది మించితే మళ్లీ టెస్ట్ ఇవ్వాలి. 40 దాటింది కాబట్టి డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కూడా పెట్టాలి. ఇది తేలకముందు టెస్ట్ రైడ్‌కి కూడా వెళ్లకండి.