సూర్యుడు ఒక భాషలో పుంలింగం, మరో భాషలో స్త్రీలింగం ఎలా అవుతాడు?

ప్రాణం లేని వాటికి కూడా ఆడ, మగ తేడా ఎందుకని మీ ప్రశ్న. చాలా భాషల్లో వ్యాకరణంలోని లింగం వస్తువు స్వభావాన్ని చెప్పదు. ఆ పదానికి తగ్గట్టు విశేషణమో, క్రియో ఏ రూపం తీసుకోవాలో చెబుతుంది. అందుకే ఫ్రెంచిలో సూర్యుడు పుంలింగం, చంద్రుడు స్త్రీలింగం. జర్మన్‌లో సరిగ్గా తలకిందులు. జర్మన్‌లో అమ్మాయి అని అర్థమిచ్చే ‘మేడ్షెన్’ నపుంసకం, ఎందుకంటే చిన్నదనాన్ని తెలిపే ‘షెన్’ ప్రత్యయం చేరితే ఏ పదమైనా నపుంసకమే. సంస్కృతం ఇంకా అబ్బురం. ఇల్లాలు అనే ఒకే అర్థానికి ‘దారాః’ పుంలింగం, ‘భార్యా’ స్త్రీలింగం, ‘కలత్రమ్’ నపుంసకం!

తెలుగులో మాత్రం లింగానికి అర్థమే ఆధారం, అయినా ఒక వింత మలుపు ఉంది. ‘అతడు వచ్చాడు’ అంటాం. ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. అంటే ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ ఒకే క్రియారూపం. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు పురుషుల పక్షాన చేరతారు: ‘వాళ్లు వచ్చారు’, బండ్లు మాత్రం ‘వచ్చాయి’. ఏ భాషా లింగవ్యవస్థలోనూ నన్ను ఇంతగా ఆకట్టుకున్న అంశం లేదు.

టర్కిష్, ఫిన్నిష్ భాషల్లో ఈ గొడవే లేదు. అతడన్నా ఆమె అన్నా ఒకే సర్వనామం.