హనీమూన్ ఫేజ్‌లో ఇన్సులిన్ తగ్గించండి, మానకండి

అన్నయ్యగారూ, మీరు అడిగింది చదివాను. తొమ్మిదేళ్ల పాపకి టైప్ 1 షుగరు జబ్బు అని తేలి రెండు నెలలైంది, రోజుకి 18 యూనిట్ల ఇన్సులిన్‌తో మొదలెట్టి 6కి వచ్చినా షుగరు 60లకి పడిపోతోంది, ఇంట్లో పెద్దవాళ్లు సూదులు ఆపేసి పసరు మందు వేయిద్దామంటున్నారు, ఆపొచ్చా అని కదా. ఆపొద్దండి. తగ్గించాల్సి రావచ్చు, అదీ డాక్టరుగారితో మాట్లాడి. పూర్తిగా మాత్రం మానొద్దు. మేము మాని చూశాం కాబట్టి చెప్తున్నాను.

మాది అమలాపురం పక్క పల్లె. మా బాబుకి మూడో తరగతిలో వచ్చింది. అప్పుడు 23 కిలోలు. కాకినాడలో అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచి, రోజుకి 20 యూనిట్లు రాసి పంపారు. మూడో వారం నుంచి మీ పాపకిలాగే షుగరు పడిపోవడం మొదలైంది. ఫోన్ చేసినప్పుడల్లా డాక్టరుగారు కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చారు. సంక్రాంతి నాటికి మొత్తం కలిపి 5 యూనిట్లు. మూడు నెలల సగటు షుగరు చెప్పే HbA1c పరీక్షలో 6.4 శాతం. కిలోకి అర యూనిట్ కన్నా తక్కువ సరిపోతూ ఆ సగటు 7 లోపు ఉంటే దాన్నే హనీమూన్ ఫేజ్ అంటారని అప్పుడే తెలిసింది. పేరు బాగుంది గానీ మేము ఎక్కువ భయపడిన రోజులు అవే.

ఎందుకిలా అవుతుందో మా అత్తగారికి నేను చెప్పిన తీరే మీకూ చెప్తాను. కనుమ నాడు మా కోనసీమలో జరిగే జగ్గన్నతోట తీర్థానికి ప్రభని, అంటే దేవుడిని నిలిపి అలంకరించిన పెద్ద వెదురు చట్రాన్ని, భుజాల మీద మోసుకెళ్తారు కదా. సగం మంది మోయలేక తప్పుకుంటే మిగిలినవాళ్లు బరువుకి కుంగిపోతారు. పక్క నుంచి నలుగురు వచ్చి భుజం పెడితే వాళ్లు తేరుకుని మళ్లీ ఎత్తుతారు. వంట్లో ఇన్సులిన్ చేసే బీటా కణాల్ని మన రోగనిరోధక శక్తే చంపేస్తోంది. మిగిలిన కొన్ని, పెరిగిపోయిన షుగరు దెబ్బకి సొమ్మసిల్లి ఉన్నాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందగానే అవి తేరుకుని కొంత పని చేస్తున్నాయి. అంతేగానీ జబ్బు పోలేదు, చంపడం ఆగలేదు. ఇప్పుడు భుజం పెట్టినవాళ్లని పొమ్మంటే ఏమవుతుంది?

ఇక పసరు మందు సంగతి. 5 యూనిట్లలో ఉన్నప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన వచ్చి వేళ్లపొడి ఇచ్చి, సూది మానేస్తేనే ఇది పట్టుతుందన్నాడు. ఆయన పేరు వద్దు. ఒప్పుకున్నది మేమే, నేనూ మా ఆయనా. మొదటి రోజు 130, రెండో రోజు 150. ఇల్లంతా పండగే. మూడో రోజు 210 వచ్చినా, పొద్దున అరటిపండు తిన్నాడు కదా అని సరిపెట్టుకున్నాం. నాలుగో రోజు జ్వరం, వాంతులు, మీటర్లో 380. వాడి నోటి దగ్గర పులిసిన పండు వాసన. మొదట ఆసుపత్రిలో వాడిని చేర్చినప్పుడు వచ్చిన వాసనే అది, నాకు కాళ్లు ఆడలేదు. మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక వంట్లో కొవ్వు కరిగినప్పుడు పేరుకునే విషపు ఆమ్లాలు) చూస్తే స్ట్రిప్ ముదురు రంగుకి తిరిగింది. వెంటనే తీసుకెళ్లాం కాబట్టి దక్కాడు.

ఒకటి గమనించండి అన్నయ్యగారూ. ఇలాంటి మందులు ఇచ్చేవాళ్లు చెప్పే ‘ఫలానా వాళ్ల పిల్లాడికి తగ్గిపోయింది’ కథల్లో చాలావరకు ఈ కొద్ది నెలల కాలానివే అని నా నమ్మకం. దానంతటది తగ్గిన కాలంలో ఏ పొడి ఇచ్చినా ఆ పేరు పొడికే పోతుంది. మళ్లీ పెరిగాక ఆ పిల్లాడి గురించి ఎవరూ చెప్పరు.

మీ పాపకి ఇప్పుడు ముఖ్యం, షుగరు పడిపోకుండా చూసుకోవడం. కనుమ నాడు మా వాడు ప్రభల వెంట పొద్దంతా నడిచాడు. రాత్రి అన్నం బాగానే తిన్నాడు, పడుకునేటప్పుడు 118. తెల్లవారుజామున మూడింటికి తల నిమురుదామని చెయ్యి వేస్తే దిండు తడి. జనవరి చలిలో అంత చెమట. గుచ్చి చూస్తే 52. మా డాక్టరుగారు కిలోకి 0.3 గ్రాముల గ్లూకోజు లెక్క చెప్పారు, అంటే వాడికి రెండు చిన్న చెంచాలు. నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూస్తే 84. ఆటల ప్రభావం రాత్రికి కూడా ఉంటుంది, అలాంటి రోజున మూడింటికి ఒకసారి చూడండి. షుగరు పడిపోయినప్పుడు పూతరేకులు, చాక్లెట్లు పెట్టకండి, నెయ్యి, కొవ్వు వల్ల తీపి ఆలస్యంగా ఎక్కుతుంది. బొండం నీళ్లలో తీపి చాలదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

డోసు ఇంత చిన్నదైనప్పుడు ఒక యూనిట్ తేడా కూడా పెద్దదే. 5లో ఒకటంటే అయిదో వంతు. అర యూనిట్ తిప్పే పెన్నులుంటాయి, అడగండి. సీసా వాడుతుంటే దాని మీద 40 అని ఉందో 100 అని ఉందో (మిల్లీలీటరుకి ఎన్ని యూనిట్లో ఆ అంకె) చూసి ఆ అంకెకి సరిపోయే సిరంజే కొనండి. ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. ఒకసారి మెడికల్ షాపులో మాకు నారింజది ఇచ్చేశారు. 40 సీసాలోంచి దాంతో 5 గీత దాకా లాగితే వెళ్లేది 2 యూనిట్లే. తిరగేసి 100 సీసాకి ఎర్ర మూతది వాడితే 5 కాస్తా పన్నెండున్నర అవుతుంది, అది ఇంకా ప్రమాదం.

ఇది ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పలేరు. కొందరికి వారాలు, కొందరికి ఏడాది పైన. మా వాడికి పదకొండో నెలలో వైరల్ జ్వరం వచ్చి తగ్గింది గానీ పరగడుపు షుగరు 180, 200 దగ్గరే నిలబడిపోయింది. నెలలో 16 యూనిట్లకి చేరాం. నా వంటలోనే తప్పుందని ఏడ్చాను. తప్పు కాదు, మిగిలిన కణాలు అయిపోయాయి, అంతే. ఇప్పుడు పన్నెండేళ్లు, 38 కిలోలు, రోజుకి 36 యూనిట్లు, కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతున్నాడు. జేబులో గ్లూకోజు పొట్లం పెట్టేది మా అత్తగారే.

రేపు పొద్దున్నే మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి. 60లు ఏ వేళల్లో వస్తున్నాయో రాసి పెట్టుకోండి. పరగడుపునైతే సాధారణంగా రాత్రి వేసే దాన్ని, అన్నం తిన్న రెండు మూడు గంటలకైతే ఆ పూట వేసే దాన్ని తగ్గిస్తారు. ఏది, ఎంత అన్నది ఆయనే చెప్పాలి. ఈలోపు ఈ రాత్రి పాప దగ్గర మీరో, వాళ్లమ్మగారో పడుకోండి.