పాత కారు ఇంజన్ అప్పుడప్పుడు మిస్ కొడుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు పార్టులు కొనడం ఆపి, మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) ఎప్పుడొస్తోందో గమనించండి. ఐడిల్‌లోనే అయితే వ్యాక్యూమ్ లీక్ (పైపుల పగుళ్ళలోంచి ఇంజన్‌లోకి అదనపు గాలి వెళ్ళడం), లోడ్ పడినప్పుడు అయితే స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు, బాగా వేడెక్కాకే వస్తే మాత్రం నా అనుమానం కాయిల్ (ప్లగ్గులకి హై వోల్టేజ్ ఇచ్చే పార్టు) మీదే. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ ఆన్‌లో ఉండగా ప్లగ్ వైర్ల మీద కొంచెం నీళ్ళు స్ప్రే చేస్తే (చెయ్యి పెట్టకండి, షాక్ గట్టిగా కొడుతుంది) కరెంట్ లీకయ్యే చోట నీలంగా స్పార్కులు చిటపటమంటాయి. ప్లగ్గుకో కాయిల్ ఉన్న బండైతే ఇంకా ఈజీ, స్కానర్‌లో (బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్‌లు చదివే పరికరం) పీ0302 వచ్చిందంటే రెండో సిలిండర్, దాని కాయిల్ మూడోదానికి మార్చి నడపండి, కోడ్ పీ0303 అయితే కాయిలే పోయింది, మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మే పార్టు), చివరికి కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడాలి. చెక్ ఇంజన్ లైట్ మిణుకుమంటుంటే మాత్రం బండి నడపొద్దు, కాలని పెట్రోల్ వెళ్ళి సైలెన్సర్ పైపులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.